మనిషి లేనివాడి వంతు



ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు బస్సులో వచ్చేటప్పుడు చుట్టుపక్కల మాటలు కొంచెం చెవిన వేసుకోండి. శిరివెళ్ల దాటేలోపల ఈ ప్రశ్న ఒక్కసారైనా వినబడుతుంది: "ఆస్పత్రిలో మనోడెవరన్నా ఉన్నాడా?" ఆస్పత్రికి బదులు తాలూకా ఆఫీసు, కరెంటు ఆఫీసు, కాలేజీ అని పెట్టుకున్నా ప్రశ్న మారదు. రోగమేమిటి, డాక్టరు ఎవరు అన్నవి తర్వాత సంగతి. ముందు మనిషి కావాలి. మనిషి ఉన్నవాడు పొద్దున పోయి మధ్యాహ్నం అన్నానికి ఇంటికొస్తాడు. మనిషి లేనివాడు సద్దిమూట కట్టుకొని పోతాడు.

యోహాను సువిశేషం అయిదవ అధ్యాయంలో బేతెస్ద కోనేటి దగ్గర పడి ఉన్న రోగి మీకు గుర్తుండే ఉంటాడు. ముప్పై ఎనిమిదేండ్ల రోగం. నీళ్లు కదిలినప్పుడు ముందు దిగినవాడికి బాగవుతుందని అక్కడివాళ్ల నమ్మకం. బాగుపడాలని ఉందా అని యేసునాథుడు అడిగితే అతడు ఉందనలేదు, లేదనలేదు. తనను నీళ్లలోకి దించే మనిషి లేడని, తాను పోయేలోపల ఇంకొకడు దిగిపోతున్నాడని చెప్పుకున్నాడు. ఎన్నో ఏండ్లు ఆ సువార్త పఠనాన్ని గుడిలో విన్నాను. అది స్వస్థత గురించిన కథ అనే అనుకునేవాణ్ణి. 2021 మే నెల తర్వాత మాత్రం అది వరుస గురించిన కథగా కూడా వినబడుతోంది. ఆ మాట ఎందుకంటున్నానో చెప్పాలంటే నా తప్పు ఒకటి ముందు చెప్పుకోవాలి.

ఆ రోజులు మరిచిపోయేవి కావు. దేశంలో ఒక్కరోజుకు నాలుగు లక్షల పైచిలుకు కేసులు. మన రాష్ట్రంలో మే 5 నుంచి మధ్యాహ్నం పన్నెండు కొట్టగానే కర్ఫ్యూ. అప్పటికి నంద్యాల ఇంకా కర్నూలు జిల్లాలోనిదే, కొత్త జిల్లా 2022 ఏప్రిల్ 4న గదా వచ్చింది. పొద్దున లేస్తే ఎవరు పోయినారన్న వార్తతోనే లేచేవాళ్లం. సమాధుల తోటకు నలుగురు మనుషులు దొరకడమే గగనం. టీకా మందు మాత్రం చుక్క చుక్కగా వచ్చేది. మొదటి సూది వేయించుకున్నవాళ్లకు రెండోది ముందు వేద్దామని రాష్ట్రమంతటా కొత్తవాళ్లకు వేయడం ఆపినారు. అయినా చాలేది కాదు.

నేను అప్పటికి పెన్షను తీసుకుంటున్న పంతులును. చక్కెర జబ్బు ఉంది. ఇంట్లో ఎనభై దాటిన తల్లి ఉంది. ఏప్రిల్ మొదట్లో మొదటి సూది అయింది, రెండోదానికి గడువు దగ్గర పడింది. మూడు రోజులు తెల్లారుజామున పోయినాను, మూడు రోజులూ వట్టి చేతులతో వచ్చినాను. జనం కంటే ముందు చెప్పులు వరుసలో ఉండేవి. చెప్పులు, ఇటుకరాళ్లు, ఖాళీ నీళ్ల బాటిళ్లు, రాయి కింద పెట్టిన ఆధార్ జిరాక్సులు. నాలుగో రోజు రాత్రి ఫోను వచ్చింది. నా దగ్గర చదువుకున్న పిల్లవాడే. ఒక చిన్న నాయకుడి వెంట తిరుగుతుంటాడు. ఏ పార్టీయో చెప్పను, చెప్పినా తేడా ఉండదు. "సార్, అన్న మనుషులకని పది పక్కన పెట్టించినాము. మీరు పొద్దున తొమ్మిదికి ఎనక వరండాలోకి రండి. ముందర నిలబడొద్దు" అన్నాడు. వాడి గొంతులో గురుభక్తి తప్ప ఏమీ లేదు.

పోయినాను. అయితే అలవాటు కొద్దీ ముందు వైపే పోయి కాసేపు నిలబడినాను. నా ముందు ఒక అవ్వ ఉంది. కుందూ అవతల పల్లె నుంచి వచ్చిందట, రాత్రి బంధువుల ఇంట్లో పడుకుని మూడింటికే చెప్పులు పెట్టిందట. కొంగే మాస్కు. "నాయనా, ఈ చీటీలో తేదీ ఈపొద్దుదేనా సూడు" అని నాకు చూపించింది. ఆ రోజుదే. ఆమెకూ రెండో సూదే. ఇంతలో వెనక వైపు నుంచి నన్ను పిలిచినారు. "ఇప్పుడే వస్తా అవ్వా" అని చెప్పి పోయినాను. పది నిమిషాలలో నా పని అయింది. నేను బయటికి వచ్చేటప్పుడు ముందర వాకిట్లో ఒక అబ్బాయి, ఈరోజుకు అయిపోయినాయని, ఉన్నవాళ్లు రేపు రమ్మని అరుస్తున్నాడు. ఆ అవ్వ వైపు చూడకుండా స్కూటరు తీసినాను.

ఇంటికి పోయినాక మా ఇంటావిడ, "ఎట్లా దొరికింది?" అని అడిగింది. "దొరికింది" అన్నాను.

ఇది ఒక పంతులు కథ, ఒక్క సూది కథ. ఇదే కథను పెద్ద తెర మీద ఆడితే ఎలా ఉంటుందో ఆ సంవత్సరం లోకమంతా చూసింది. పెరూ దేశంలో 2021 ఫిబ్రవరిలో ఒక జాబితా బయటపడింది. చైనా కంపెనీ టీకా మీద అక్కడ పరీక్షలు జరుగుతుండగా, పరీక్షల్లో వాలంటీర్లు కాని 487 మంది ఎవరికీ చెప్పకుండా ఆ టీకా వేయించుకున్నారని తేలింది. మాజీ అధ్యక్షుడు మార్టిన్ విస్కర్రా ఉన్నారు. ఆరోగ్య మంత్రి, విదేశాంగ మంత్రి ఉన్నారు, ఇద్దరూ పదవులు వదులుకున్నారు. జబ్బుపడే స్థితిలో నేను లేనని ఆ విదేశాంగ మంత్రి చెప్పుకున్న సమాధానం నన్ను చాలాసేపు ఆలోచనలో పడేసింది. ఆమె అబద్ధం చెప్పలేదు. కానీ జబ్బుపడే స్థితిలో ఎవరున్నారు? నంద్యాల మార్కెట్ యార్డులో బస్తాలు మోసే హమాలీ పది రోజులు పడుకుంటే ఆ ఇంట్లో పదకొండో రోజు పొయ్యి వెలుగుతుందా?

అదే నెలలో అర్జెంటీనాలో ఆరోగ్య మంత్రి హినెస్ గొన్సాలెస్ గార్సియా దిగిపోవలసి వచ్చింది. తనకు కావలసినవాళ్లకు మంత్రిత్వశాఖలోనే టీకా వేయించే ఏర్పాటు నడిచిందట. ఒక పేరుమోసిన పాత్రికేయుడు తనకూ అలాగే దొరికిందని తానే బయట చెప్పడంతో గుట్టు రట్టయింది. స్పెయిన్‌లో సైన్యాధిపతి జనవరిలోనే రాజీనామా చేశారు. లెబనానులో పార్లమెంటు భవనంలోనే సభ్యులకు టీకాలు వేస్తే, డబ్బిచ్చిన ప్రపంచ బ్యాంకు సహాయం ఆపేస్తామని హెచ్చరించింది. ఇక గినీ సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అధిపతి 2021 జనవరి 18న ఒక లెక్క చెప్పారు. అప్పటికి 49 ధనిక దేశాలలో 3 కోట్ల 90 లక్షల డోసులు వేయగా, ఒక పేద దేశంలో వేసినవి 25. పాతిక లక్షలు కాదు, పాతిక వేలు కాదు, 25. ఆ దేశం గినీ. ఆ పాతికమందిలో దేశాధ్యక్షుడు, మంత్రులు ఉన్నారు. ధనిక దేశాలు పేద దేశాన్ని వెనక్కి నెట్టాయి, ఆ పేద దేశంలో నాయకులు తమ జనాన్ని వెనక్కి నెట్టారు. మెట్టు మెట్టుకూ ఒక వరండా ఉందన్నమాట.

మన దేశం ఈ విషయంలో మొదట ఒక మంచి నియమం పెట్టుకుంది. 2021 జనవరి 16న టీకాలు మొదలు కాకముందే ప్రజాప్రతినిధులనూ ముందు వరుసలో చేర్చాలని కొన్ని రాష్ట్రాల నుంచి మాట వచ్చింది. ముఖ్యమంత్రులతో జరిగిన సమావేశంలో ప్రధానమంత్రి దానికి ఒప్పుకోలేదు, రాజకీయ నాయకులు వరుస తప్పరాదని, తమ వంతు వచ్చేదాకా ఆగాలని చెప్పారు. తాను 60 ఏండ్లు నిండినవారి వంతు మొదలైన మార్చి 1న వేయించుకున్నారు. మన రాష్ట్రంలో అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి గారు 45 ఏండ్లు నిండినవారి వంతు వచ్చిన ఏప్రిల్ 1న గుంటూరులో ఒక వార్డు సచివాలయానికి పోయి వేయించుకున్నారు. వాళ్ల మిగతా రాజకీయం మీద ఎవరి అభిప్రాయం వారిది. ఈ ఒక్క విషయంలో తేదీలు సాక్ష్యం చెబుతున్నాయి.

నియమాన్ని దాటినవారూ ఉన్నారు. పశ్చిమ బెంగాల్‌లో మొదటిరోజే అధికార పార్టీ శాసనసభ్యులు కొందరు వేయించుకుని, మేము ఆస్పత్రి రోగుల సంక్షేమ సంఘంలో సభ్యులమని సమాధానమిచ్చారు. పక్కనే కర్ణాటకలో వ్యవసాయ మంత్రి బి.సి. పాటిల్ గారు మార్చి 2న నర్సును ఇంటికి పిలిపించుకుని భార్యాభర్తలిద్దరూ వేయించుకున్నారు. వయసు రీత్యా ఆయన వంతు వచ్చినట్టే, ఆయన దాటింది వరుసను కాదు, గడపను. ఆస్పత్రికి పోతే అక్కడి జనానికి ఇబ్బంది అవుతుందని చెప్పారు. జనం ఇబ్బందిపడకుండా ఆస్పత్రికి పోయే పద్ధతి ఇంకొకటి ఉంది, గన్‌మెన్లను ఇంట్లో వదిలి పోవడం. అది వారికి తట్టినట్టు లేదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. జనవరిలో టీకా అంటే జనానికి భయం. కొందరు ఆస్పత్రి సిబ్బందే వెనకాడినారు. హైదరాబాదు గాంధీ ఆస్పత్రిలోనూ, విజయవాడ ప్రభుత్వ ఆస్పత్రిలోనూ మొదటి సూది పారిశుద్ధ్య కార్మికురాలికే వేశారు. ఎంతో గౌరవమని పత్రికలు రాశాయి. "పెద్దోళ్లకు ఏసి సూడొచ్చు గదా, మా మీదనే ఎందుకు మొదలు?" అన్న మాట మన వీధుల్లోనూ వినబడింది. ఆ మాటలో తప్పులేదు. తెలంగాణ ఆరోగ్య మంత్రి ఈటల రాజేందర్ గారు ముందు తానే వేయించుకుంటానని చెప్పింది అందుకే, తర్వాత కేంద్రం మాట మీద ఆగినారు. అమెరికాలో బైడెన్ గారు, ఇండోనేషియాలో అధ్యక్షుడు విడోడో గారు టీవీ ముందు చెయ్యి చాపింది జనానికి ధైర్యం చెప్పడానికే. ఇది కొత్త సంగతి కూడా కాదు. మశూచి టీకా మన దక్షిణాదికి వచ్చిన కొత్తలో, 1805 ప్రాంతంలో, మైసూరు రాణులను చూపిస్తూ గీసిన ఒక చిత్రం ఉంది. రాణివాసమే వేయించుకుంది, మీకేం భయమని జనానికి చెప్పడానికే దాన్ని గీయించారని చరిత్రకారులు భావిస్తున్నారు.

అంటే అదే సూది, అదే నాయకుడు, అదే చెయ్యి. జనవరిలో ముందుకు వస్తే అది ధైర్యం, మే నెలలో ముందుకు వస్తే అది దోపిడీ. తేడా ఎక్కడుంది? ప్రమాదాన్ని ముందు తీసుకోవడానికి, రక్షణను ముందు తీసుకోవడానికి ఉన్న తేడా అది. దీనికి ఒక చిన్న పరీక్ష నాకు తోస్తుంది. ధైర్యం చెప్పడానికి వేయించుకున్నవాడు నలుగురి ఎదుట వేయించుకుంటాడు. పెరూలో 487 మంది గుట్టుగా వేయించుకున్నారు. నేను వెనక వరండాలో వేయించుకున్నాను. దాచవలసిన ధైర్యం ఎక్కడైనా ఉంటుందా?

నాయకుల పక్షాన చెప్పవలసింది ఇంకొంత ఉంది. వాళ్లు జనంలో తిరుగుతారు, తిరగవలసిందే. తిరుపతి ఎం.పి. బల్లి దుర్గాప్రసాదరావు గారు 2020 సెప్టెంబరులో, మాజీ మంత్రి పైడికొండల మాణిక్యాలరావు గారు అదే సంవత్సరం ఆగస్టులో ఈ జబ్బుతోనే పోయారు. కాబట్టి నాయకుడికి ప్రమాదం లేదనడం అన్యాయం. అయితే జనంలో తిరగడమే కారణమైతే ఆ కారణం ఎక్కడిదాకా పోతుందో అక్కడిదాకా మనమూ పోవాలి. రేషను డీలరు, బస్సు కండక్టరు, కూరగాయలమ్మే ఆమె, గ్యాసు బండ తెచ్చే అబ్బాయి కూడా జనంలోనే ఉన్నారు. తెలంగాణలో 2021 మే 28 నుంచి ఇలాంటివాళ్లకు ప్రత్యేకంగా టీకాలు వేశారు. మన రాష్ట్రంలో జూన్‌లో అయిదేండ్ల లోపు పిల్లలున్న తల్లులను ముందుకు తెచ్చారు. ఇవీ వరుస మార్చడమే. కానీ ఇక్కడ మార్చినది కారణం, పలుకుబడి కాదు.

పునీత తోమాసు అక్వీనాసు గారు 13వ శతాబ్దంలో ఈ తేడాను చాలా తేటగా చెప్పారు. ఉమ్మడి సొత్తును పంచేటప్పుడు ఆ వస్తువుకు సంబంధించిన అర్హతను చూసి ఇస్తే అది న్యాయం. ఆ వస్తువుతో సంబంధంలేని గుణాన్ని చూసి, ఫలానా మనిషి గనుక ఇస్తే అది పక్షపాతం, న్యాయానికి విరోధమైన పాపం. చదువు చెప్పే పదవికి చదువు చూసి ఎంచుకుంటే సరే, డబ్బు చూసో బంధుత్వం చూసో ఎంచుకుంటే పాపమే అంటారాయన. దీన్ని మన సూదికి పెట్టి చూడండి. వయసు టీకాకు సంబంధించిన కారణం. గుండెజబ్బు సంబంధించిన కారణం. రోగులను తాకే ఉద్యోగం సంబంధించిన కారణం. "అన్న మనిషి" అన్నది దేనికి సంబంధించింది?

నా విషయంలో నేను చాలా రోజులు ఈ కొలతతోనే తప్పించుకున్నాను. నాకు వయసుంది, చక్కెర జబ్బుంది, గడువు దగ్గర పడింది, మూడు రోజులు నిలబడినాను. అన్నీ నిజమే. అర్హత లేనిదేదీ నేను తీసుకోలేదు గదా! కానీ ఆ అవ్వకు నాకంటే పదేండ్లు ఎక్కువ. ఆమె చేతిలో ఆ రోజు చీటీ ఉంది. నాకు సూది దొరికింది నా చక్కెర జబ్బు వల్ల కాదు, ఫోను వల్ల. నాకు న్యాయంగా ఎప్పుడో రావలసిందే వచ్చింది, కానీ ఇంకొకరికి ఆ రోజు న్యాయంగా రావలసినదానిలోంచి వచ్చింది.

ఇంకొక సాకు కూడా విన్నాను. సీసా ఒకసారి తెరిస్తే ఆ రోజుల నిబంధన ప్రకారం నాలుగు గంటలలో వాడేయాలి, లేకపోతే పారబోయాలి, మిగిలింది దగ్గరున్నవాడికి వేస్తే తప్పేమిటని. జనవరి, ఫిబ్రవరి నెలలలో పిలిచినా జనం రాని రోజుల్లో అది నిజం. పారబోసేదాని కంటే ఎవరికి వేసినా మేలే. మే నెలలో ముందర వాకిట్లో రెండువందలమంది నిలబడి ఉండగా వెనక వరండాలో "మిగిలినవి" అనే మాటకు అర్థమేమిటి? మిగిలినవి కావు, మిగిల్చినవి.

డబ్బు కూడా ఒక వరండానే. మే నెల నుంచి టీకాలలో నాలుగో వంతు ప్రైవేటు ఆస్పత్రులకు వదిలినారు. జూన్‌లో పెట్టిన గరిష్ఠ ధర కోవిషీల్డు సూదికి 780 రూపాయలు, కోవాగ్జిన్‌కు 1,410. హైదరాబాదులో జూన్ 6న ఒక్కరోజే ఒకచోట నలభైవేలమందికి పైసలు కట్టించుకుని వేశారు. 18 నుంచి 44 ఏండ్లవాళ్లు మొదట్లో కంప్యూటరులో పేరు నమోదు చేసుకుంటేనే సూది, అదీ మొదట్లో ఇంగ్లీషులో. స్మార్టుఫోను ఉండి వేళ్లు చురుగ్గా ఉన్నవాడికి ముందు. నల్లమల చెంచు గూడెంలో ఉన్నవాడికి ఆ వరుస ఎక్కడ మొదలవుతుందో కూడా తెలియదు. ఆ వయసువాళ్లకు పెట్టిన ఆ విధానం నిర్హేతుకంగా కనబడుతోందని సుప్రీంకోర్టు అన్న కొద్దిరోజులకు, జూన్ 21 నుంచి అందరికీ ఉచితమైంది. దాని మీద ఇంకా రాయవచ్చు గానీ మన విషయం నాయకులది.

నాయకులది అన్నాను గానీ, మనవాళ్ల సంగతి చెప్పకపోతే ఈ పత్రికలో ఈ వ్యాసం రాసే అర్హత ఉండదు. పెరూ జాబితాలో ఆ దేశంలోని పోపుగారి రాయబారి, అగ్రపీఠాధిపతి నికోలా జిరాసోలి గారి పేరు కూడా ఉంది. ఆ పరీక్షలు నడిపిన విశ్వవిద్యాలయానికి తాను నైతిక విషయాలలో సలహాదారునని, అందుకే ఇచ్చారని వివరణ వచ్చింది. నైతిక విషయాలలో! ఈ మాట రాస్తుంటే నాకు నవ్వు రాలేదు. స్పెయిన్‌లో మయోర్కా మేత్రాణులు తమ వంతుకు ముందే, గురువుల ఆశ్రమంలోని పెద్దలతో కలిసి వేయించుకుని జవాబు చెప్పుకోవలసి వచ్చింది. 2021 జనవరి 20న రోములో వేరొక సంగతి జరిగింది. ఇల్లూ వాకిలీ లేక వీధుల్లో బతికేవాళ్లు పాతికమందిని పిలిచి, జనదర్శనాలు జరిగే ఆరవ పౌలు పాపుగారి మందిరంలోనే వత్తికాను టీకాలు వేసింది. ఆ ఏడాది పవిత్ర వారంలో మరో 1,200 మంది నిరుపేదలకు ఏర్పాటు చేసింది. అప్పటి పాపుగారు ఫ్రాన్సిస్ గారు 2020 క్రిస్మసు సందేశంలోనే బలహీనులకు ముందు అందాలని అడిగి ఉన్నారు. గినీలో 25, రోములో 25. అంకె ఒకటే.

అయితే ఈ నాయకులు ఆకాశం నుంచి ఊడిపడలేదు. "వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే" అన్న సామెత మనదే. నవ్వుతూ చెప్పుకుంటాం. అదే బంతిలో కూర్చున్న మిగతావాళ్ల ఆకుల్లో ఏం పడిందో సామెత చెప్పదు. మన ప్రాంతం పెద్ద పెద్ద నాయకులను చూసింది. నీలం సంజీవరెడ్డి గారు 1977లో ఇక్కడి నుంచే లోక్‌సభకు పోయి రాష్ట్రపతి అయినారు. పి.వి. నరసింహారావు గారు ప్రధానిగా ఉండి 1991లో ఇక్కడి నుంచే గెలిచినారు. ఇక ఆళ్లగడ్డ రాజకీయం గురించి బయటివాళ్లకు మనం చెప్పనక్కరలేదు. ఇన్నేండ్లలో నాయకుడి ఇంటి ముందు పొద్దున్నే కూర్చునే జనం తగ్గలేదు. వాళ్లు అడిగేదేమిటి? రోడ్డా, కాలువ నీళ్లా? అవీ అడుగుతారు. కానీ ఎక్కువమంది అడిగేది చీటీ. ఆస్పత్రిలో మంచానికి, కాలేజీలో సీటుకు, స్టేషనులో ఒక మాటకు. చీటీ ఇచ్చేవాడు మంచి నాయకుడు, ఇవ్వనివాడికి గర్వం. పదిమందికి ఇచ్చే చేతికి, పదకొండోది తన ఇంటికి రాసుకోవడం తప్పని ఎలా తోస్తుంది? ఆ పదిమందిలో ఒకణ్ణి నేనే గదా.

మా చిన్నప్పుడు ఆళ్లగడ్డలో ఎండాకాలం వీధి కొళాయి దగ్గర బిందెల వరుస ఉండేది. మా అమ్మ నన్ను వరుసలో కూర్చోబెట్టి పొలం పనికి పోయేది. పెద్దింటి జీతగాడు రెండు డ్రమ్ములతో వచ్చి నేరుగా కొళాయి కింద పెట్టేవాడు. ఎవరూ నోరు మెదిపేవాళ్లు కాదు. ఒకసారి ఒక ఆడమనిషి ఆ డ్రమ్మును పక్కకు జరిపి తన బిందె పెట్టింది. జీతగాడు తిట్టలేదు, కొట్టలేదు. "అక్కా, నన్ను తిడతారు" అన్నాడు. ఆమె కాసేపు చూసి, సగం నిండిన బిందె తీసుకుని పక్కకు తప్పుకుంది. ఆ జీతగాడి మీద నాకు ఇప్పటికీ కోపం లేదు. వెనక వరండాలో నాకు సూది వేసిన నర్సమ్మ మీద కూడా లేదు. ఆమె నా ముఖం వైపు చూడలేదు. ఉద్యోగం చిన్నది, ఫోను పెద్దది. వాళ్ల చేతులతో మనం చేయించే తప్పు వాళ్ల ఖాతాలో పడదనే నా నమ్మకం.

ఈ సంగతి పాపసంకీర్తనంలో చెప్పుకున్నప్పుడు ఫాదర్ గారు పెద్దగా ఏమీ అనలేదు. "ఆ అమ్మకు తర్వాత దొరికిందా?" అని మాత్రం అడిగారు. తెలియదు ఫాదర్ అన్నాను. నిజానికి మరుసటి రోజు నేను పోయి చూడవచ్చు. పోలేదు. వారం తర్వాత పోయినాను, అప్పటికి ఆ కేంద్రం వేరేచోటికి మార్చినారు. ఆమె పేరు చీటీ మీద చదివినాను గానీ తేదీ చూసినంత శ్రద్ధగా పేరు చూడలేదు.

ఇప్పుడు విచారణ సంఘంలో నాకూ చిన్న పదవి ఉంది. అందువల్ల ఈ మధ్య నేనూ కొందరికి "మనిషి" నయ్యాను. పోయిన జూన్‌లో ఒక తల్లి వచ్చింది, ఇళ్లల్లో పనిచేసుకునే ఆమె. కూతురికి స్కూలులో సీటుకు ఒక చీటీ రాసివ్వమంది. రాయనమ్మా, అందరిలాగే దరఖాస్తు పెట్టుకో అన్నాను. చాలా న్యాయంగా మాట్లాడినాననుకున్నాను. "నాకు దరకాస్తు రాయడం వస్తే నీకాడికి ఎందుకు వస్తాను సార్?" అంది. ఆ మాటకు నా దగ్గర సమాధానం లేకపోయింది. ఆమె అడుగుతున్నది ఇంకొకరి వంతా, తన వంతేనా? బేతెస్ద కోనేటి దగ్గర యేసునాథుడు ఆ రోగిని ఎవరినీ తోసి నీళ్లలోకి దించలేదు. కానీ మనిషి లేడన్న మాట విని ఊరికే పోనూ లేదు.

చీటీ రాయలేదు. దరఖాస్తు నేనే నింపి, మరుసటి రోజు ఎనిమిదింటికి ఆమెతోబాటు పోయి వరుసలో నిలబడినాను. ముందర పాతికమంది దాకా ఉన్నారు. ఆఫీసులో గుమాస్తా నన్ను గుర్తుపట్టి, "సార్, మీరు లోపలికి రండి, ఎండలో ఎందుకు?" అని పిలిచినాడు. ఫరవాలేదన్నాను. ఆమె నా వైపు అదోలా చూసింది, లోపలికి పోతే పని అవుతుంది గదా అన్నట్టు. మా వంతు వచ్చేసరికి పదకొండున్నర అయింది. సీటు సంగతి సోమవారం చెబుతామన్నారు.